గొలుసును తిరగేస్తే కమాను: ఫార్మ్ ఫైండింగ్ (బరువుకి తగ్గ ఆకారం వెతకడం) చరిత్ర, 4 మీటర్ల ఇటుక కప్పుకి లెక్క

నెల్లిమర్ల_సివిల్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. విజయనగరం దగ్గర ఒక బడి ఆవరణలో చిన్న గ్రంథాలయం గది అనుకుంటున్నాం. వెడల్పు 4 మీటర్లు, పొడవు 6 మీటర్లు. స్లాబు వద్దు, ఇటుకతోనే కమాను కప్పు వెయ్యాలని ఆలోచన. కమాను ఎత్తు 1.5 మీటర్లు. స్థానిక ఇటుక 23 × 11.5 × 7.5 సెం.మీ., కప్పు మందం 11.5.

గొలుసు వేలాడదీసి, ఆ వంపును తిరగేస్తే సరైన కమాను వస్తుందని పుస్తకాల్లో ఉంది. అది ఎందుకు పనిచేస్తుంది? శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ నుంచి ఇప్పటి కంప్యూటర్ పద్ధతుల దాకా ఈ ఆలోచన ఏ వరుసలో ఎదిగింది? పిల్లలకి కూడా చెప్పాలి కాబట్టి చరిత్ర సరిగ్గా తెలియాలి. గొలుసు నుంచి సెంట్రింగు (కమాను కట్టేటప్పుడు కింద మోసే తాత్కాలిక చెక్క అచ్చు) దాకా పని ఎలా నడపాలో కూడా చెప్పండి. శ్రీముఖలింగం గుడి శిఖరాన్ని దీనికి ఉదాహరణగా చూపించొచ్చా? కేటనరీ (వేలాడే గొలుసు వంపు) అయితే స్టీలు అసలు అక్కర్లేదని ఒకరు గట్టిగా అంటున్నారు, నిజమేనా?

టెక్కలి_స్ట్రక్చరల్

చరిత్ర నేను చెప్తాను, కొలతలు చీపురుపల్లి మేస్త్రి గారికి వదిలేస్తాను.

ముందు ఎందుకు పనిచేస్తుందో చూద్దాం. గొలుసు వంగుడుని ఆపలేదు, నొక్కుడుని మొయ్యలేదు. దానికి తెలిసింది లాగుడు ఒక్కటే. అందుకే బరువు ఎక్కడెక్కడ ఉందో దాన్ని బట్టి, ప్రతి లింకులో లాగుడు తప్ప ఇంకేమీ మిగలని వంపుకి తనే సర్దుకుంటుంది. అదే వంపును అవే బరువులతో తలకిందులు చేస్తే బలాల దిశ మారుతుంది: లాగుడంతా నొక్కుడవుతుంది. ఇటుకకి కావలసింది అదే. ఇటుక కట్టడం నొక్కుడుని బాగా మోస్తుంది, లాగితే జాయింటు తెరుచుకుంటుంది.

"అవే బరువులతో" అన్న మాటని పట్టుకోండి. ఈ చరిత్రంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: గొలుసుకి ఏ బరువు వేలాడదీశారు?

1638లో గెలీలియో వేలాడే గొలుసు పారబోలాకి (పరావలయానికి) దగ్గరగా ఉంటుందని రాశాడు. 1675లో రాబర్ట్ హుక్ తన ఫలితాన్ని అక్షరాలు తారుమారు చేసి పొడుపులాగ అచ్చు వేశాడు. ఆయన పోయాక 1705లో దాని అర్థం బయటపడింది: వంగే గొలుసు ఎలా వేలాడుతుందో, తిరగేస్తే గట్టి కమాను అలాగే నిలబడుతుంది. హుక్‌కి సూత్రం తెలుసు, వంపుకి సమీకరణం తెలియదు. సమీకరణం 1691లో లైబ్నిజ్, హైగెన్స్, యోహాన్ బెర్నూలీ విడివిడిగా సాధించారు. 1697లో డేవిడ్ గ్రెగరీ ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పాడు: వేరే ఆకారంలో ఉన్న కమాను నిలబడుతోందంటే దాని మందంలో ఎక్కడో ఒక గొలుసు వంపు ఇమిడి ఉందన్నమాట. దీన్నే 1966లో జాక్ హేమన్ ప్లాస్టిక్ సిద్ధాంతం (కట్టడం కూలే హద్దుని లెక్కించే పద్ధతి) మీద నిలబెట్టాడు. రాయి మందంలోపల పట్టే బలరేఖ (నొక్కుడు నడిచే గీత) ఒక్కటి దొరికినా చాలు, కమాను సురక్షితమే.

హుక్ గొలుసులో బరువు అంతటా సమానం. 1740లలో రోమ్‌లో సెయింట్ పీటర్స్ గుమ్మటం పగుళ్ళిస్తే, పరీక్షించడానికి వచ్చిన జియోవాన్నీ పొలేనీ ఆ సమానత్వాన్ని వదిలేశాడు. గుమ్మటాన్ని నారింజ తొనల్లా కోసినట్టు ఊహించి, ఒక తొనని ముక్కలు చేసి, ప్రతి ముక్క బరువుకి అనుపాతంగా 32 గుళ్ళు దారానికి కట్టి వేలాడదీశాడు. తిరగేసిన వంపు గుమ్మటం మందంలోపలే పడింది. పగుళ్ళున్నా కూలదని, చుట్టూ ఇనుప కట్లు వెయ్యమని 1748లో నివేదిక అచ్చు వేశాడు. మీ పిల్లలకి చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. దారం, గుళ్ళు ఉంటే తరగతి గదిలోనే చేసి చూపించొచ్చు.

ఆంటోని గౌడీ బార్సిలోనా దగ్గర కొలోనియా గుయెల్ చర్చి కోసం 1898 నుంచి పదేళ్ళు దారాల నమూనా కట్టాడు. కొలత పదో వంతు, బరువు పదివేలవ వంతు, సంచుల్లో సీసం గుళ్ళు. బరువులు అంత తగ్గించినా ఆకారం ఎందుకు మారదంటే, ఆకారాన్ని నిర్ణయించేది బరువుల మధ్య నిష్పత్తి మాత్రమే. అసలు శ్రమ ఇంకో చోట ఉంది. దారం వంపు మారితే గోడ పొడవు మారుతుంది, గోడ మారితే బరువు మారుతుంది, సంచిలో గుళ్ళు మార్చాలి, మళ్ళీ వంపు మారుతుంది. ఇప్పుడు కంప్యూటర్ చేసే పునరావృతం ఆయన చేతులతో చేశాడు. 1914లో పని ఆగిపోయి, నేలమాళిగ చర్చి మాత్రం మిగిలింది.

తర్వాత దారం గుడ్డ అయింది. 1959లో మాడ్రిడ్ సదస్సులో స్విట్జర్లాండ్ ఇంజనీరు హైన్జ్ ఇస్లర్ షెల్ (పల్చటి వంపు కప్పు) ఆకారాలు పుట్టించే మూడు దారులు చూపించాడు: మట్టిదిబ్బ, గాలి నింపిన పొర, వేలాడే తడి గుడ్డ. ఆ గుడ్డ దారిలోనే 1968లో డైటింగెన్ పెట్రోల్ బంకు మీద పల్చటి కాంక్రీటు షెల్‌లు లేచాయి. జర్మనీలో ఫ్రై ఓటో అదే కాలంలో సబ్బు పొరలు, గొలుసు వలలు రెండూ వాడాడు. ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు. సబ్బు పొర మీద బరువు ఉండదు, అన్ని దిక్కులా సమానమైన లాగుడు ఉంటుంది; అది గుడారానికి పనికొచ్చే రూపం. దాన్ని తిరగేస్తే కమాను రాదు. ఓటో 1975 మాన్‌హైమ్ కర్ర జాలీ కప్పు రూపం వేలాడే గొలుసు వల నుంచి తీశాడు, సబ్బు నుంచి కాదు.

1972 మ్యూనిక్ ఒలింపిక్ క్రీడాప్రాంగణం పైకప్పుల తీగల వల పొడవులు తేల్చడానికి నమూనాని కొలవడం ఒక్కటే సరిపోలేదు. ఆ పని చుట్టూనే లింక్‌విట్జ్, షెక్ 1971లో వల ఆకారాన్ని లెక్కతో తేల్చే ఫోర్స్ డెన్సిటీ పద్ధతి తెచ్చారు, 1974లో షెక్ దాన్ని పూర్తి రూపంలో రాశాడు. అంతకు ముందే, 1965లో, అలిస్టర్ డే డైనమిక్ రిలాక్సేషన్ (ఊగే వల నెమ్మదిగా ఆగి స్థిరపడే దాకా అడుగడుగునా లెక్కించే పద్ధతి) ప్రతిపాదించాడు. 2007లో ఫిలిప్ బ్లాక్, ఓక్సెన్‌డార్ఫ్ థ్రస్ట్ నెట్‌వర్క్ (నొక్కుడు బలాలని వలలా గీసే) పద్ధతి తెచ్చారు. 2016 వెనిస్‌లో 399 సున్నపురాళ్ళతో, మాలు లేకుండా, 16 మీటర్ల షెల్ దాని మీదే నిలబడింది. దాని పాదాల మధ్య కూడా స్టీలు టైలు (పాదాలు పక్కకి జరగకుండా లాగి పట్టే ఊచలు) ఉన్నాయి, మీ ఆఖరి ప్రశ్నకి ఇది సగం జవాబు.

శ్రీముఖలింగం శిఖరాన్ని ఉదాహరణగా పెట్టకండి. కళింగ శైలి శిఖరంలో రాళ్ళు అడ్డంగా పరిచి, ఒక్కో వరుస కొంచెం లోపలికి జరుపుతూ పోతారు. కమానులాగ పక్కలకి తోసే ఏర్పాటు కాదది. గొప్ప పనితనమే, కానీ వేరే సూత్రం.

చీపురుపల్లి_కమాను

కొలతలు. ఏటంటే, ముందు గొలుసు సంగతి. లింకులన్నీ ఒకేలా ఉన్న బరువైన గొలుసు తీసుకోండి. తాడు వద్దు, తాడుకి బిర్రు ఉంటుంది, కొసల దగ్గర వంపు పాడవుతుంది. గోడ మీద ఒకే మట్టానికి 4 మీటర్ల దూరంలో రెండు మేకులు కొట్టి, గొలుసు పొడవు 5.23 మీ. ఉంచితే సరిగ్గా 1.5 మీ. దిగుతుంది. గొలుసు గోడని రాసుకుంటే తప్పు వంపు దగ్గరే ఆగిపోతుంది. మేకులు 2 సెం.మీ. బయటికి ఉండాలి, ప్రతిసారీ ఒకసారి ఊపి వదలాలి.

వచ్చిన వంపు సరో కాదో చూడటానికి: తిరగేశాక, శిఖరం (కమాను నడినెత్తి) నుంచి పక్కకి 0.5 మీ. జరిగితే వంపు 8.2 సెం.మీ. కిందికి ఉండాలి. 1 మీ. దగ్గర 33.8, 1.5 మీ. దగ్గర 79.4, పాదం దగ్గర 150. మీ గొలుసు ఈ అంకెలకి అర సెంటీమీటరు లోపల వస్తే ఖాయం చేసుకోండి.

పారబోలా గీసేస్తే పోదా అంటారు చాలామంది. పారబోలాలో 1.5 మీ. దగ్గర దిగుడు 84.4 వస్తుంది, అంటే 5 సెం.మీ. తేడా. వంపుకి లంబంగా కొలిచినా 3 సెం.మీ. దాటుతుంది. 11.5 మందంలో మధ్య మూడోవంతు అంటే గీతకి అటూ ఇటూ 1.9 సెం.మీ.లే. దాన్ని దాటితే ఒక అంచున జాయింటు తెరుచుకోవడం మొదలు. పారబోలా నేల పొడవునా సమానంగా పడే బరువుకి, అంటే వేలాడే వంతెనకి. కమాను సొంత బరువు వంపు పొడవునా సమానం, పాదాల దగ్గర నిటారుగా ఉంటుంది కాబట్టి అక్కడ మీటరుకి ఎక్కువ ఇటుక పడుతుంది.

ఇంకో పొరపాటు ఇంతకంటే ఎక్కువగా జరుగుతుంది. గొలుసు చూపేది మందం మధ్య గీత. సెంట్రింగు ఉండేది కమాను లోపలి అంచున. కాబట్టి ప్లైవుడ్ మీద గొలుసు గీత గీశాక, ప్రతి 10 సెం.మీ.కి లంబంగా 5.75 సెం.మీ. లోపలికి కొలిచి చుక్కలు పెట్టి, ఆ చుక్కలు కలిపి కొయ్యాలి. పైన పలకలు కొడతారు కదా, వాటి మందం కూడా తగ్గించాలి. గొలుసు గీత మీదే కోసేస్తే కమాను మొత్తం అరమందం బయటికి పోతుంది, పాదాలు గోడ మధ్యలో కూర్చోవు.

6 మీటర్లకీ సెంట్రింగు చెయ్యనక్కర్లేదు. 12 మి.మీ. ప్లై వంపులు 60 సెం.మీ. దూరంలో పెట్టి, 1.5 మీటర్ల పొడవు సెంట్రింగు ఒక్కటి చేసుకుని నాలుగుసార్లు జరుపుకోండి. పోస్టుల కింద ఏటవాలుగా కోసిన జత చెక్క ఆపులు ఎదురెదురుగా తప్పనిసరి. అవి లేకపోతే దించేటప్పుడు సుత్తితో కొట్టాలి, పచ్చి కమాను అదురుతుంది.

రెండు పక్కలా ఒకేసారి ఎక్కాలి. ఒక పక్క రెండు వరుసల కంటే ముందుకి పోకూడదు. పోతే సెంట్రింగు రెండో పక్కకి ఒరుగుతుంది, శిఖరం పైకి లేస్తుంది. శిఖరం దగ్గర వంపు వ్యాసార్థం 1.53 మీ., కాబట్టి ప్రతి జాయింటు లోపల 8 మి.మీ. ఉంటే బయట 14 ఉండాలి. బయటి వెడల్పులో ఇటుక చిప్ప బిగించండి. మాలు ఎక్కువైతే ఎండినప్పుడు ముడుచుకుని జాయింటు వదులవుతుంది. మధ్య ఇటుక బిగించిన మర్నాడు ఆపులు ఒక సెంటీమీటరు వదలండి. కమాను దిగి తన బరువు తను తీసుకుంటుంది, సెంట్రింగుకి పైకీ మధ్య సన్న సందు కనిపిస్తుంది. ఆ సందు పొడవునా ఒకేలా ఉందంటే పని బాగా వచ్చినట్టే. ఏడు రోజులు తడపడం మామూలే.

స్టీలు విషయం. ఇటుకా పైన ప్లాస్టరూ కలిపి చదరపు మీటరుకి 2.7 కిలో న్యూటన్లు అనుకుంటే, పాదాల దగ్గర పక్కకి తోపు మీటరు పొడవుకి 4.1 కిలో న్యూటన్లు, కిందికి 7.1. తోపు అంటే ఏటి, దాదాపు 420 కిలోలు ప్రతి మీటరులోనూ గోడని బయటికి తోస్తూ ఉంటాయి. కేటనరీ ఆ తోపుని మాయం చెయ్యదు, కమానులో వంగుడుని మాయం చేస్తుంది అంతే. 1.5 మీటర్లకి ఒకటి చొప్పున 12 మి.మీ. టై రాడ్లు వెయ్యండి, ఒక్కోదాని మీద 6.2 కిలో న్యూటన్లు. లెక్కకి 10 మి.మీ. చాలు, కానీ మన ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. టైలని గోడల మీది బీములో దింపండి, ఇటుకలో కాదు.

నెల్లిమర్ల_సివిల్

చాలా స్పష్టంగా ఉంది, ఇద్దరికీ ధన్యవాదాలు. మూడు సందేహాలు మిగిలాయి. పైన మట్టి నింపి చదును చేసి, డాబాలాగ వాడొచ్చా? రెండు దిక్కులా వంగే చిన్న గుమ్మటం నమూనా పిల్లలతో చేయించాలంటే ఏ గుడ్డ వాడాలి? కంప్యూటర్ పద్ధతిని ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేకుండా చూపించే దారి ఉందా?

చీపురుపల్లి_కమాను

మట్టి నింపితే ఇది వేరే కమాను, బాబూ. అర మీటరు పట్టీలుగా చూడండి. నింపకపోతే శిఖరం పక్క పట్టీ 1.4 కిలో న్యూటన్లు, పాదం పక్క పట్టీ 2.3. ఘనపు మీటరుకి 16 కిలో న్యూటన్ల మట్టితో శిఖరం మట్టానికి నింపితే అవే 1.5, 11.2 అవుతాయి. నిష్పత్తి ఏడు రెట్లు దాటింది. ఇప్పుడు ఉత్త గొలుసు చూపిన వంపు అబద్ధం.

నింపి తీరాలంటే పొలేనీ లాగే చెయ్యండి. బరువు లేని గట్టి దారం తీసుకుని, 8 పట్టీల మధ్యలో 8 చోట్ల నట్లు, బోల్టులు లెక్క ప్రకారం కట్టండి. కిలో న్యూటన్‌కి 20 గ్రాములు చాలు. శిఖరం చదునుగా, భుజాలు నిండుగా ఉన్న వంపు వస్తుంది. ఆ వంపు మీద మట్టి లోతు మళ్ళీ కొలిచి, బరువులు మార్చి, మళ్ళీ వేలాడదీయండి. మూడు నాలుగు సార్లకి మార్పు ఆగుతుంది. తోపు బాగా పెరుగుతుంది, టైలన్నీ మళ్ళీ లెక్కించాలి. ఇంత చిన్న గదికి డాబా ఆశ వదులుకోమనే నా సలహా.

కళింగతీరం

గుడ్డ సంగతి నేను చెప్తాను. మిల్లు గుడ్డ పడుగు, పేక దిక్కుల్లో సాగదు, ఐమూలగా సాగుతుంది. నాలుగు మూలలు పట్టి వేలాడదీస్తే ఐమూల దిక్కున ఎక్కువ దిగుతుంది. ఈ తేడా తెలిసి వాడితే నష్టం లేదు, తెలియక వాడితే పిల్లలు దాన్ని ప్రకృతి నియమం అనుకుంటారు. పొందూరు ఖద్దరు సన్నగా, మెత్తగా ఉంటుంది, తన బరువుకే బాగా దిగుతుంది కాబట్టి మొదటి నమూనాకి మంచిది. అన్నిటికంటే మేలు ముడుల చేపల వల. కన్ను చతురస్రం నుంచి వజ్రం ఆకారానికి స్వేచ్ఛగా మారుతుంది, ప్రతి ముడీ ఒక బిందువు, కొలవడం తేలిక. ప్రతి ముడికీ ఒకేలాంటి చిన్న సీసం గుండు వేస్తే నిజమైన గొలుసు వల అవుతుంది. కళింగపట్నం, భావనపాడు వైపు పాత వలకి కొదవ లేదు.

మీటరు చదరం చట్రం చాలు. ఖద్దరుని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచి నాలుగు మూలలకే కట్టండి, అంచులు వదిలెయ్యండి. రెండు వంతుల పొడికి ఒక వంతు పైన కొంచెం నీళ్ళు. పది పదిహేను నిమిషాల్లో బిగుసుకుంటుంది కాబట్టి కట్టే చోట్లన్నీ ముందే సిద్ధంగా ఉండాలి. ఒక పక్క చిక్కగా పడితే ఆ పక్క ఎక్కువ దిగుతుంది. ఆ లోపాన్ని పారెయ్యకండి, బరువు మారితే రూపం మారుతుందని చూపించడానికి పక్కనే పెట్టండి.

ఎండాక తిరగేసి, ముడతలు ఎక్కడున్నాయో చూడండి. ముడత పడిందంటే ఆ దిక్కున గుడ్డకి లాగుడు అందలేదు, నొక్కుడు వచ్చింది, అందుకే మడత పడిపోయింది. తిరగేసిన షెల్‌లో సరిగ్గా అక్కడ లాగుడు వస్తుంది, కాంక్రీటు అయితే అక్కడ పగులుతుంది. అంచు దగ్గర గుడ్డ కొంచెం వదులుగా ఉంచితే తిరగేశాక అంచు పైకి లేస్తుంది. ఇస్లర్ షెల్‌ల అంచులు అలాగే ఉంటాయి, అంచుకి దూలం లేకుండానే బిర్రు వస్తుంది.

మన దేశంలో ఇదే దారిలో నడిచిన పనినీ పిల్లలకి చెప్పాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ సీబీఆర్ఐలో జి.ఎస్. రామస్వామి 1950లలోనే గుడ్డ దిగుడుతో ఫ్యునిక్యులర్ షెల్‌లు (వేలాడే వంపుని తిరగేసిన షెల్‌లు) తయారుచేశారు. చట్రానికి నాలుగు అంచులా గుడ్డ బిగించి, దాని మీద పల్చగా కాంక్రీటు పోస్తే బరువుకి తనే దిగుతుంది, గట్టిపడ్డాక తిరగేస్తే కప్పు పలక. జూట్ మిల్లుల ప్రాంతం మనది, గోనెపట్టా చేతికందే దూరంలో ఉంది. మీటరు చట్రం, రెండున్నర సెంటీమీటర్ల కాంక్రీటుతో ఒక పలక పోయించి చూపించండి.

గణితం_రాజాం

సాఫ్ట్‌వేర్ ప్రశ్నకి: ఎక్సెల్ చాలు.

ఫోర్స్ డెన్సిటీ అంటే ప్రతి దారంలో బలాన్ని దాని పొడవుతో భాగించిన సంఖ్య. బలం, పొడవు రెండూ తెలియనివైతే సమీకరణాలు వంకరగా ఉంటాయి. ఆ నిష్పత్తిని ముందే ఎంచుకుంటే అవన్నీ సరళ సమీకరణాలైపోతాయి. షెక్ చూపిన కిటుకు ఇదే. చదరపు వలలో అన్ని దారాలకీ ఒకే నిష్పత్తి ఇస్తే సమతౌల్యం ఇంత చిన్న మాటగా మారుతుంది: ముడి ఎత్తు = నాలుగు పొరుగు ముళ్ళ ఎత్తుల మొత్తానికి బరువు అంకె కలిపి నాలుగుతో భాగించినది.

షీటులో 11 × 11 గడులు తీసుకోండి. చుట్టూ అంచు గడుల్లో సున్నా. లోపలి ప్రతి గడిలో పై, కింద, ఎడమ, కుడి గడుల మొత్తం కలిపి, పక్కన వేరే గడిలో పెట్టిన బరువు అంకె కలిపి, నాలుగుతో భాగించే సూత్రం. ఎక్సెల్ చక్రీయ సూచన అని హెచ్చరిస్తుంది. ఆప్షన్లలో ఫార్ములాల కింద ఇటరేటివ్ కాలిక్యులేషన్ టిక్ చేసి, సంఖ్య 100 నుంచి 1000కి పెంచండి. ఎఫ్9 నొక్కుతుంటే అంకెలు స్థిరపడతాయి. సర్ఫేస్ చార్టు వేస్తే గుమ్మటం కళ్ళముందు లేస్తుంది. బరువు అంకె రెట్టింపు చేస్తే ప్రతి ఎత్తూ సరిగ్గా రెట్టింపు అవుతుంది. బరువు సున్నా చేస్తే ప్రతి ముడీ పొరుగుల సగటు, అంచు గడుల్లో వేరువేరు ఎత్తులు ఇచ్చి చూడండి, గుడారం వస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఈ షీటులో బరువు నేల విస్తీర్ణం మీద సమానం, కాబట్టి వచ్చేది పారబోలా జాతి. సొంత బరువుకి కావాలంటే ప్రతి గడి ఏటవాలు విస్తీర్ణం బట్టి బరువు మార్చి మళ్ళీ తిప్పాలి. రెండోది, మూలలు మాత్రమే పట్టి అంచులు వదిలేస్తే అంచులు లోపలికి కూడా లాక్కుంటాయి; అప్పుడు ఎత్తుకి ఒక షీటు చాలదు, అడ్డం, నిలువు కొలతలకీ ఇలాంటివే ఇంకో రెండు పెట్టి, అంచు దారాలకి నిష్పత్తి లోపలివాటికంటే నాలుగైదు రెట్లు ఇవ్వాలి. తక్కువిస్తే కప్పు నడుము సన్నబడిపోతుంది.

టెక్కలి_స్ట్రక్చరల్

"స్టీలు అక్కర్లేదు" అన్న మాటకి మిగతా సగం చెప్పాలి. గొలుసు వంపు ఒక్క బరువుకే సరైనది. మిగతా బరువులన్నిటినీ మందం మోస్తుంది.

మరమ్మతుకి మనుషులు ఒక పక్కే ఎక్కారనుకోండి. సగం కప్పు మీద చదరపు మీటరుకి 0.75 కిలో న్యూటన్లు వేస్తే, పావు బిందువు (పాదం నుంచి వెడల్పులో పావు వంతు) దగ్గర బలరేఖ నిలువుగా 4 సెం.మీ., లంబంగా 3.3 సెం.మీ. జరుగుతుంది. అరమందం 5.75, కాబట్టి లోపలే ఉంది, కానీ మధ్య మూడోవంతు దాటింది. నాలుగు కీళ్ళు తెరుచుకుని కమాను కూలేది ఇలాంటి ఒంటిపక్క బరువుకే. టైలు ఉన్న ప్రతి చోటా 23 సెం.మీ. మందం పట్టీ పైకి కట్టండి, కొంచెం ఇటుకతోనే భరోసా పెరుగుతుంది.

ఇంక గాలి. హుద్‌హుద్, తిత్లీ తుపాన్లు చూసిన తీరం మనది. విశాఖకి గాలి భారాల భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో మూల గాలివేగం సెకనుకి 50 మీటర్లు. వేగం వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి 1.5 కిలో న్యూటన్లు. బడిని తుపాను ఆశ్రయంగా వాడతారు అనుకుంటే కోడ్ వేగాన్ని 1.3 రెట్లు చెయ్యమంటుంది: 65 మీటర్లు, 2.5 కిలో న్యూటన్లు. మీ కప్పు బరువు 2.7. గాలి కప్పుని పైకి పీల్చే గుణకం ఒకటికి దగ్గరైతే రెండూ దాదాపు సమానం, కమానులో నొక్కుడు మిగలదు. పైగా గదికి ఒక కొసే తెరిచి ఉంటే గాలి లోపలికి దూరి కిందనుంచి కూడా ఎత్తుతుంది. రెండు కొసలకీ గోడలు కట్టి, తలుపు, కిటికీలు గట్టిగా మూసుకునేలా చెయ్యండి. 3 సెం.మీ. ఫెర్రోసిమెంటు (సన్న తీగ జాలీ మీద సిమెంటు మాలు) షెల్ అయితే బరువు 0.75 మాత్రమే. దానికి రెండు దిక్కులకీ లాగుడు మోసే జాలీ, పునాది దాకా దిగే లంగరు ఊచలు లేకుండా మన తీరంలో వెయ్యకూడదు.

మీ 6 మీటర్లలో పట్టీలు, టైలు కొసల నుంచి లెక్కపెడితే 0, 1.5, 3, 4.5, 6 దగ్గర, మొత్తం ఐదు. కొసల రెండూ గోడలోనే కలిసిపోతాయి. 1.5 మీటర్ల సెంట్రింగు కూడా సరిగ్గా ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీకి జరుగుతుంది, కాబట్టి ప్లైవుడ్ కోసే ముందే ఆ ఐదు గీతలు నేల మీద కొట్టుకోండి.